వంకర సీసా

"సీసాకి ఒక భుజం దిగిపోయిందండీ. మీ తాతగారికి చెయ్యి వణికినట్టుంది," అన్నాడు సెంటు కంపెనీ మేనేజరు.

మనవరాలు బొమ్మ వంక చూసింది. నిజమే. ఒకవైపు కాస్త కిందికి జారింది.

"సరిచేసి అచ్చు పోయిస్తాం. మీ సంతకం ఒక్కటే తరువాయి."

తాత పేరుమోసిన డిజైనర్. నలభై ఏళ్లు నాటకాల్లో రాణులకు బట్టలు గీశాడు, వయసు మళ్లాక సెంటు సీసాలు గీశాడు. ఆయన ఆఖరి బొమ్మ ఇదే. ఆయన పోయాక అన్నీ గోడలకెక్కించి ప్రదర్శన పెడుతోంది మనవరాలు.

బతికుండగా తన గీత మీద ఇంకొకరిని చెయ్యి వేయనిచ్చిన మనిషి కాదు. వేస్తే ఆయన మాట పోతుంది, వేయకపోతే సీసా నవ్వులపాలవుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అంతలో ఒక ముసలావిడ తలుపు తోసుకుని తొంగిచూసింది.

"ప్రదర్శన రేపటి నుంచండీ."

"రేపు జనం ఉంటారు కదమ్మా. ఒక్కసారి చూసి పోతాను."

పోనీలే అనుకుంది మనవరాలు. ఆవిడ ఒక్కో రాణి దగ్గరా ఆగుతూ సీసా బొమ్మ దాకా వచ్చింది.

"మా తాతయ్య తెలుసా మీకు?"

"నాటకాల కంపెనీలో బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని."

మునిగేవాడికి గడ్డిపోచైనా ఆసరాయే.

"ఈ వంకర తీసేద్దామంటున్నారండీ. తీసేయొచ్చంటారా?"

ఆవిడ చాలాసేపు చూసింది.

"తీసేయండమ్మా. నేనూ ఎన్నిసార్లో చెప్పాను, కాస్త చక్కగా గీయండి బాబుగారూ అని."

"ఏమనేవారు?"

"మాట్లాడకు, కదలకు అనేవారు."

మనవరాలికి నవ్వొచ్చింది. తాత అంతే, పనిలో ఉంటే ఈగ వాలినా కసిరేవాడు. ఆయన్ని ఎరిగిన మనిషే సరేనంది కదా అని ధైర్యంగా సంతకం పెట్టేసింది. తలెత్తేసరికి ఆవిడ వెళ్లిపోయింది.

సాయంత్రం నాటకాల కంపెనీ దర్జీ వచ్చాడు. ఏ బట్ట ఏ నాటకంలోదో ఆయన చెబుతుంటే మనవరాలు చీటీలు రాసి అంటిస్తోంది.

ఏడో రాణి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఈ రాణికీ భుజం దిగింది. వెనక్కి వెళ్లి చూసింది. అందరికీ అదే భుజం.

ఫోను మోగింది. అచ్చు తయారైపోయిందట, సీసా ఇప్పుడు తూకం వేసినట్టు ఉందట. ఎందుకో సంతోషం కలగలేదు ఆమెకు.

"మా తాతయ్యకు వయసులో ఉన్నప్పుడు కూడా చెయ్యి వణికేదా అండీ?"

"ఆయనకా? భలేదానివమ్మా," అన్నాడు దర్జీ. "నటీమణులకు గంటలు గంటలు నిలబడే తీరిక ఎక్కడిది? చిన్నప్పట్నుంచీ బట్టల మూటలు మోసి భుజం దిగిపోయిన ఇస్త్రీ అమ్మాయి ఒకతె ఉండేది, రాణులైనా సరే, ఆఖరికి ఆ సీసా అయినా సరే, ఆమెను ఎదురుగా నిలబెట్టుకునే గీసేవారు."