శవం పెట్టుకున్న అప్పీలు

ఫలితాలు అంటించిన గోడ దగ్గర శవం నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

శవం అంటే నిజం శవం కాదు, నిక్షేపంగా తిని తిరిగే మనిషే. యూనివర్సిటీ నాటకాల్లో ఏటా అతనికి శవం వేషమే ఇచ్చేవారు. ముక్కు మీద ఈగ వాలినా కదలకుండా పడుకునేవాడు. చప్పట్లు మాత్రం పక్కన కూర్చుని ఏడ్చేవాళ్లకే పడేవి. పాపం, అతని అసలు పేరు కూడా జనం మర్చిపోయారు. అలాంటివాడికి ఈసారి వార్షికోత్సవ నాటకంలో రాజు వేషం దక్కింది. కిరీటానికి తల కొలత కూడా తీసుకున్నారు.

ఇంతలో ఈ ఫలితం వచ్చిపడింది. స్నేహితులు భుజం తట్టి జారుకున్నారు.

“ఇది ఇలాగే ఉంటే నిన్ను స్టేజీ ఎక్కించలేనురా. రూలు రూలే,” అన్నాడు నాటకాల మాస్టారు.

సాయంత్రానికి మేనమామ ఫోన్ చేశాడు. “చదివింది చాల్లే అల్లుడూ. సోమవారం నుంచి వచ్చి మన ఇనుపకొట్లో కూర్చో.”

రాజుగారు మేకులు తూచడమా? శవానికి కడుపు మండిపోయింది. ఆఖరి ఏడాది, ఆఖరి పేపరు, తేడా ఒక్కటంటే ఒక్క మార్కు.

ఆ పేపరు దిద్దిన లెక్చరర్ దగ్గరికి పరుగెత్తాడు. “వేసింది వేసినట్టే. ఇక వెళ్లు,” అన్నాడాయన, టీ కప్పులోంచి తల ఎత్తకుండా. విభాగాధిపతి ఆయనకు బావమరిది. “మా బావ లెక్క తప్పడు,” అని కాగితం చూడకుండానే తిప్పి పంపాడు. అప్పీళ్ల కమిటీ పెద్ద సాక్షాత్తూ ఆయన మామగారు. కుటుంబమంతా ఒక్కటై ఆ మార్కును కడుపులో పెట్టుకుని కాపాడుతోంది.

చివరికి ఎవరో చెప్పారు, యూనివర్సిటీతో ఏ సంబంధమూ లేని స్వతంత్ర సమీక్షాధికారి ఒకావిడ ఉందని. ఆవిడ ఆఫీసు నగరం అవతలి కొసన, టైలరు షాపు మీది మేడలో. కింది కుట్టుమిషన్ల మోతకి బల్ల మీద గ్లాసు వణుకుతూ ఉంటుంది.

“ఆ లెక్చరర్ నీకేమైనా చుట్టమా?” అడిగిందావిడ ముందుగా.

“కాదండీ. అక్కడ అందరికీ చుట్టమే, నాకు తప్ప.”

ఆవిడ నవ్వు ఆపుకుంది. “ఒక్క మార్కు కోసం ఇంత దూరం వచ్చావా బాబూ?”

“ఆ ఒక్కటే కదండీ నా కొంప ముంచింది. ఆయన జవాబులు చదవరండీ. దస్తూరి చూసి మార్కులేస్తారు. మీరైనా ఒక్కసారి చదవండి, చాలు.”

ఇదే ఆఖరి మెట్టు. ఇక్కడా కాదంటే ఇనుపకొట్టే గతి.

ఆవిడ జవాబుపత్రం ముందే తెప్పించి ఉంచింది. కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చదవసాగింది. మధ్యలో ఒకచోట ఆగి అతని మొహంలోకి చూసింది. ఇంకోచోట ఆగి మంచినీళ్లు తాగింది. శవం ఊపిరి బిగబట్టాడు. ఆ విద్య అతనికి బాగానే వచ్చు.

ఆఖరి పేజీ మూసి ఆవిడ జాలిగా తల ఊపింది.

“నీకు అన్యాయం జరిగిన మాట నిజమే బాబూ,” అంటూ ఎర్ర పెన్ను తీసి, ముప్పై అయిదు కొట్టేసి ముప్పై నాలుగు వేసింది, “అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని వేసిన ఆ మార్కు చెల్లదు, నువ్వు ఫెయిలే, ఇంకో ఏడాది హాయిగా యూనివర్సిటీలోనే చదువుకుంటూ నీ అప్పీల్లో రాసిన ఆ రాజు వేషం వేసుకో.”