పిట్టల వాటా

హర్షిత ముక్కు సామాన్యమైంది కాదు. ఊళ్లో ఎక్కడో దూరాన మడివాళలో ఎవరింట్లో పోపు మాడినా బ్రూక్‌ఫీల్డ్‌లో కూర్చుని చెప్పేస్తుందని పేరు.

అలాంటి ముక్కు ఆ పొద్దున జలుబుతో మూసుకుపోయింది. సరిగ్గా ఆ పొద్దునే.

బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్త హోటల్ వాళ్లు ఒకే ఒక్క తెల్ల వైన్ కొంటారట. పోటీలో మిగిలింది ఇద్దరు. ఇటలీ నుంచి తెప్పించే హర్షిత, నందికొండ కింద ద్రాక్షతోట ఉన్న చిక్కమునియప్ప. ఇది చేజారితే హర్షిత తన దుకాణం షట్టరు దించేయాల్సిందే.

హోటల్ మేనేజర్ మల్లికార్జున్ ఇంకా రాలేదు. రుచి చూసే గదిలో మాత్రం ఎవరో పెద్దాయన, కాళ్ల దగ్గర గుడ్డసంచీ పెట్టుకుని తీరుబడిగా కూర్చున్నాడు. ఒక్కో మీసం మీద రెండేసి పిచ్చుకలు వాలొచ్చు.

"ఏం వైన్ పాపా అది?"

"అర్నేస్. ఇటలీలో పియెమోంటె సీమ ద్రాక్ష అంకుల్."

"గొప్పదా?"

"ఒకప్పుడు ఎవరూ లెక్కచేయలేదు. ఖరీదైన ఎర్రద్రాక్ష పక్కన నాటేవాళ్లు. తియ్యటి వాసనకి పిట్టలు దీనిమీద పడి, ఎర్రద్రాక్షని వదిలేస్తాయని."

"పాపం, పిట్టలకి పెట్టేదానికే పెంచినారా," నవ్వాడాయన. "నీకు జలుబు చేసుండాదా?"

"లేదు. డస్ట్ ఎలర్జీ."

తెచ్చిన రెండు సీసాల్లో ఒకటి తెరిచింది. బిరడా ముక్కు దగ్గర పెట్టుకుంది. గోడని వాసన చూసినట్టుంది. అయినా బాగుందన్నట్టు తల ఊపింది.

పెద్దాయన నవ్వు ఆగిపోయింది.

"పాపా, ఆ సీసా పక్కన పెట్టు. రెండోది తెరువు."

"అంకుల్, ప్లీజ్. నా పని నన్ను చేసుకోనివ్వండి."

"నా మాట వినమ్మా. ఆ బిరడా..."

బయట లిఫ్టు ఆగింది. ఫోన్లో మాట్లాడుతున్న మల్లికార్జున్ గొంతు. హర్షిత గబగబా గ్లాసులోకి ఒంపబోయింది.

పెద్దాయన చేయి విసిరాడు. సీసా బోర్లాపడి బల్లగుడ్డంతా తడిసిపోయింది.

"మస్తాన్," సెక్యూరిటీ అతన్ని పిలిచింది. "ఈయన్ని వెనక మెట్ల మీదుగా బయటికి పంపించు. మళ్లీ లోపలికి రానివ్వకు."

మస్తాన్ రెక్క పట్టుకున్నాడు.

"పోతాండా లేప్పా, చొక్కా చించొద్దు." గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు పెద్దాయన. "అది తెరువు పాపా."

తెరవక చేసేదేముంది, మిగిలింది అదొక్కటే. దాన్ని తీసుకుని ఆ మూలనున్న బల్ల దగ్గరికి జరిగింది హర్షిత.

మల్లికార్జున్ మొదటి గుక్క నోట్లో తిప్పాడు.

"బాగుంది." ఇంకో గుక్క. "చాలా బాగుంది. ఆ చిక్కమునియప్ప ఏరీ? ఫోన్లో అంత గట్టిగా మాట్లాడారు."

"ఎవరూ రాలేదు సర్."

"టైముకి రానివాళ్ల కోసం ఎంతసేపని చూస్తాం. మీదే ఖాయం చేస్తున్నా."

ఆయన వెళ్లాక మస్తాన్ బల్లగుడ్డ తీస్తూ మొహం తిప్పుకున్నాడు.

"ఇదేం కంపు మేడమ్? వానలో నానిన గోనెసంచీ మాదిరి ఉంది."

హర్షిత చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"నిజంగానా?"

"మీకు తెలియలేదా? చెడిపోయిన సరుకు మేడమ్ ఇది." వంగి కుర్చీ కింద చూశాడు. "అయ్యో, పెద్దాయన సంచీ ఇక్కడే మరిచిపోయాడు."

సంచీలో తడిగుడ్డ చుట్టిన సీసా ఒకటి. ఇంకా చల్లగానే ఉంది.

గుడ్డ విప్పింది.

లేబుల్ మీద, నందికొండ ముందు నిలబడి నవ్వుతున్న చిక్కమునియప్ప ఫొటో. ఒక్కో మీసం మీద రెండేసి పిచ్చుకలు వాలొచ్చు.