ముట్టని ఇస్తరి

కందూరుకు ఎవరినీ పిలవక్కర్లేదు. దర్గా దగ్గర మొక్కు తీర్చుకుని యాటను కోశాక, వచ్చిన ప్రతి మనిషికీ ఇస్తరి వేసి అన్నం పెట్టాల్సిందే.

అలాగే వచ్చింది ఆ ముసలామె. పాత బురఖా, చేతిలో గుడ్డసంచి. బంతిలో అంత చోటుండగా సరాసరి పోయి కొండల్ పక్కన కూర్చుంది.

"వచ్చింది సూడు వదినా. ఏ కందూరున్నా ఈమె హాజరు," అన్నాడు వడ్డిస్తున్న మరిది మల్లేశ్వర్.

రుక్కమ్మ నవ్వింది. ఆ రోజు ఎవరేమన్నా ఆమెకు నవ్వే వస్తోంది. కొడుకు కొండల్‌కు నయమైంది మరి.

ఏం రోగమని అడిగితే మాత్రం ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. డిగ్రీ చదివే కొండల్ జడ వేసుకునేంత జుట్టు పెంచి, ఒకనాడు తల్లి ఎదుట నిలబడ్డాడు.

"అమ్మా, నేను మొగపిల్లగాన్ని కాదు. ఆడపిల్లను. నా పేరు సంతోషి."

తండ్రి జంగయ్య కొట్టాడు. కొట్టి తనూ ఏడ్చాడు. కాలేజీ మాన్పించాడు. చివరికి శంషాబాద్ అవతలి ఈ చిన్న దర్గాకు తెచ్చి తాయెత్తు కట్టించాడు. బాగైతే కందూరు చేస్తామని మొక్కుకున్నారు.

బాగయ్యాడు. జుట్టు తనే కత్తిరించుకున్నాడు. కొట్లాటలు మానేశాడు. కొత్తగా తెరిచిన ఎయిర్‌పోర్టులో నౌకరీకి సరే అన్నాడు, షాద్‌నగర్ సంబంధానికీ సరే అన్నాడు. నిన్నైతే ఇష్టపడి కొనుక్కున్న వాచీ తీసి మేనమామ కొడుక్కి ఇచ్చేశాడు. ఎంత బుద్ధి వచ్చిందోనని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

ఇందాక ఫాతెహా చదువుతూ దర్గా చూసుకునే ముజావర్ సఖావత్, "దువాల ఏం పేరు చెప్పాలె?" అని అడిగితే, జంగయ్య గొంతెత్తి "కొండల్" అన్నాడు. కొండల్ తల ఎత్తలేదు.

ఇప్పుడా ముసలామె తన ఇస్తరి ముట్టకుండా అతని వైపు వంగింది.

"నిన్ను ఏమని పిలవాలె బిడ్డా?"

"కొండల్."

"అది మీ బాపు చెప్పిన పేరు. నీకేది ఇష్టం?"

కొండల్ తల్లి వైపు ఒకసారి చూసి మెల్లగా అన్నాడు.

"సంతోషి."

"మంచి పేరు. అన్నం తిను సంతోషీ."

కొండల్ నవ్వాడు. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రుక్కమ్మ అది చూసింది. చేతిలోని గంటె పక్కన పడేసి వచ్చింది.

"ఏం చెప్తున్నవమ్మా నా కొడుక్కు?"

ముసలామె లేచి, ఆమెను కాస్త ఎడంగా తీసుకుపోయింది.

"కోపం చెయ్యకు చెల్లె. అత్తాపూర్ల ఒక డాక్టరమ్మ ఉంది. బిడ్డను మార్చదు. బిడ్డను ఎట్ల అర్థం చేస్కోవాల్నో అమ్మబాపులకు చెప్తది. రేపే పోదాం. నీ ఎంబడి నేనొస్త."

"నా కొడుకు బాగైండు. ఇగ డాక్టరెందుకు?"

"ఏం చెప్పినా సరే అంటుండు గదా?"

రుక్కమ్మ ఉలిక్కిపడింది.

"నీకెవరు చెప్పిన్రు?"

ముసలామె రుక్కమ్మ చేతులు పట్టుకుంది.

"ఇయ్యాల బిడ్డను ఒంటరిగ పండనియ్యకు చెల్లె. పక్కనే ఉండు. నీ కాల్మొక్త."

శుభం పలకరా మంకన్నా అన్నట్టుంది ఈమె వాలకం. మొక్కు తీరిన రోజున ఇవేం మాటలు? రుక్కమ్మకు ఒళ్ళు మండింది.

"నయమైన పిల్లగాన్ని మళ్ళ చెడగొట్టనీకె వచ్చినవా? పో ఈడికెళ్ళి."

"కందూరు బంతిల నుంచి ఎవర్నీ లేపొద్దు వదినా," అన్నాడు మల్లేశ్వర్ మెల్లగా.

"నేను లేపుత. ఏమైతదో అయితది."

ముసలామె తన గుడ్డసంచి తీసుకుంది. వాకిలి దాకా పోయి వెనక్కి చూసింది. కొండల్ ఆమెనే చూస్తున్నాడు.

"పాపం, ఆమె ఏం తినలే అమ్మా," అన్నాడు.

"నువ్వు తిను."

"సరే అమ్మా."

తెల్లారేసరికి ఇంట్లో కొండల్ మంచం ఖాళీ.

ఫోను దిండు కింద ఉంది. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. జంగయ్య రాజేంద్రనగర్ వైపు, మల్లేశ్వర్ షాద్‌నగర్ వైపు బండ్లేసుకుని పోయారు. పోలీసులు ఫొటో తీసుకున్నారు. రుక్కమ్మ శంషాబాద్ బస్టాండులో ఆగిన ప్రతి బస్సూ ఎక్కి, "కొండల్, కొండల్" అని పిలిచి దిగింది. ఎవరూ పలకలేదు. ఇంకెటు పోవాలో, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

పొద్దు గుంకే వేళకు దర్గాకు వచ్చి పడింది. సఖావత్ వాకిలి ఊడుస్తున్నాడు.

"భాయ్, నిన్న నేను ఎల్లగొట్టిన ఆమె ఏడుంటది? ఆమె పిలిస్తె పలుకుతడు భాయ్ నా కొడుకు."

"సుఘ్రా బీ గురించేనా? ఏదో ఊర్ల కందూరున్నదని పొద్దుగాలే పోయింది. ఎప్పుడొస్తదో." సఖావత్ చీపురు పక్కన పెట్టాడు. "పరేషాన్ గాకు. దువా చేస్త. ఏం పేరు చెప్పాలె?"

"కొం..." అని ఆగిపోయింది రుక్కమ్మ.

"సంతోషి," అంది.

ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి. వినాల్సిన బిడ్డ ఎక్కడుందో తెలియదు.

దువా అయ్యాక కళ్ళు తుడుచుకుని అడిగింది.

"కూటికి గాదా భాయ్ ఆమె కందూర్లకు తిరిగేది?"

"ఆమె ముక్క ముట్టంగ నేను ఎన్నడు సూడలే. మొక్కు తీరిన ఇంట్ల నవ్వని పిల్లలెవరున్నరా అని సూస్తదంతే."

"ఎందుకు?"

సఖావత్ గోడ అవతలి సమాధుల వైపు చూశాడు.

"ఆమె బిడ్డ ముఖీత్ గూడ నీ సంతోషి తీర్గనే ఉండె. నయమైందని ఆమె ఈడనే కందూరు చేసింది, తెల్లారి బిడ్డను ఆ గోడ అవతల మన్నుల పెట్టింది."