చెవి తమ్మెకు పూత

“పడదని తెలిసీ ఆ గిల్టు లోలాకులు పిల్ల చెవులకి ఎందుకండీ?” మందుల షాపావిడ గొంతు పెంచింది.

కౌంటరు అవతల నిలబడ్డ బస్సు డ్రైవరు, ఎవరో లాక్కుంటారన్నట్టు లోలాకుల్ని గుప్పిట్లో మూసుకున్నాడు. ఖాకీ చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది.

“మొదటి జీతంతో కొనుక్కుందమ్మా. పెట్టుకున్న కాసేపటికే తమ్మెలు కందిపోయి నీరు కారాయి. అప్పట్నుంచీ అద్దం ముందు చెవి పక్కన పట్టుకుని చూసుకోవడమే. ముందుగా రాసే క్రీమేదో ఉంటుందటగా?”

“ఉంది. చర్మానికీ లోహానికీ మధ్య పొరలా నిలుస్తుంది. అయినా పూర్తిగా ఆపుతుందని చెప్పలేను. పడనిదాన్ని దూరం పెట్టడమే అసలు మందు.”

“లేదమ్మా. ఇవాళ పెట్టాలి.”

వాచీ పడక తన మణికట్టు మీద మిగిలిపోయిన నల్లమచ్చని ఆవిడ తడుముకుంది. ఆ దురద ఎలాంటిదో ఆవిడకి తెలుసు. నలుగురిలో పిల్ల బాగా కనబడితే చాలు కాబోలు ఈయనకి, అనుకుంది.

“పోనీ అమ్మాయినే రమ్మనండి. నేను నచ్చజెప్తాను.”

“అది రాలేదమ్మా.”

“వాళ్ళమ్మని పంపండి.”

“ఆవిడ అక్కణ్ణుంచి కదలడం లేదు.”

ఇక లాభం లేదని ఆవిడ అరలోంచి ట్యూబు తీసి ఆయన ముందు పెట్టింది.

“తమ్మెకి ముందూ వెనకా పల్చగా రాయాలి. బాగా ఆరాకే లోలాకు పెట్టాలి. మధ్య మధ్యలో తీసి, తుడిచి, మళ్ళీ రాయాలి.”

“మళ్ళీ రాయడం కుదరదు. ఒకేసారి మందంగా పట్టిస్తే ఆగదా?”

ఆవిడకి ఒళ్ళు మండింది. “మీ చెవులైతే ఇలాగే అడుగుతారా? రాశాక మంటగా ఉందేమో పిల్లని అడగండి. ఉందంటే మాత్రం, ఎవరేమనుకున్నా సరే, తక్షణం తీసెయ్యండి.”

ఆయన ట్యూబుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు మీద చెయ్యి అలాగే ఉంచేశాడు.

“అడిగినా చెప్పదమ్మా. కాసేపట్లో మార్చురీలోంచి ఇస్తామన్నారు. దురద పెడితే దానికి నిద్ర పట్టదు.”