ముందు పై పళ్ళా?

"ముందు పై పళ్ళా? వద్దండీ. నాకొద్దు," అంటూ వెంకటనరసమ్మ కుర్చీలోంచి లేవబోయింది.

డాక్టర్ ప్రసన్నకుమారి చేతిలో కొత్త పళ్ళ వరస అలాగే ఉండిపోయింది. ఏలూరులో క్లినిక్ పెట్టిన దగ్గర్నుంచీ సూదికి భయపడేవాళ్ళని చూసింది, బిల్లుకి భయపడేవాళ్ళని చూసింది. తీరా పళ్ళు తయారై వచ్చాక పారిపోయే మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తోంది.

"మామ్మగారూ, కష్టమైన పనంతా అయిపోయిందండీ. పై దవడలో వేసిన స్క్రూలు ఎముకకి గట్టిగా పట్టేశాయి. వాటిమీద ఈ పళ్ళు బిగించడమే. నొప్పి కూడా ఉండదు."

"మరి కిందవో?"

"కింద ఒక స్క్రూ వదులైతే తీసి మళ్ళీ వేశాం కదండీ. అది పట్టుకోడానికి ఇంకో నాలుగు నెలలు ఆగాలి. ఈలోగా పైవి వచ్చేస్తాయి. పసిపాపకి పళ్ళొచ్చినట్టే అనుకోండి!" అని నవ్వింది డాక్టర్.

ముసలావిడ మాత్రం నవ్వలేదు. గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఆ నాలుగు నెలలూ ఆగుతానండీ. ముందు కిందవి పెట్టండి. పైవి ఆ తర్వాత."

పక్కనే నిలబడ్డ భర్త పాండురంగారావు ఉస్సురన్నాడు. తెల్లారగట్లే ముదినేపల్లిలో బస్సెక్కి, కైకలూరులో మారి, కొల్లేరు రోడ్డు గతుకులన్నిటికీ నడుం అప్పజెప్పి వచ్చాడు. తీరా వస్తే లిఫ్టు పనిచెయ్యదు. మొన్నీమధ్యే గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషి, మెట్లన్నీ ఎక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"పోయినసారీ ఇదే గోల. ఒళ్ళు వెచ్చగా ఉందని వెనక్కి లాక్కెళ్ళావు. ఇవాళేం వచ్చిందే?"

"ఇవాళ మంగళవారం కదండీ."

"బుధవారం!"

"అయితే అష్టమేమో."

"అష్టమి ఎప్పుడో వెళ్ళిపోయింది."

"అరవకండి. మీకు ఆయాసం వస్తుంది."

"అరిపించేది నువ్వు!" అని ఆయన డాక్టరు వైపు తిరిగాడు. "చూడండమ్మా. ఏడాదిగా గంజీ, జావానూ. కొర్రమేను పులుసంటే పడి చచ్చేది. ఇప్పుడు నేను ముళ్ళు తీసి, మెత్తగా పిసికి ముద్ద పెడితేగానీ మింగలేదు. చిక్కి సగమైపోయింది. నాకా ఓపిక అయిపోయింది. రేపు నేను మంచాన పడితే దీనికి ముళ్ళెవరు తీస్తారండీ?"

"ఆ మాటలే వద్దంటున్నాను," అంది వెంకటనరసమ్మ విసుగ్గా. "అయినా మిమ్మల్ని పిసకమని నేనడిగానా?"

"అడగాలా? కంచం ముందు పిచ్చికపిల్లలా నోరు తెరుచుకుని కూచుంటావు. ఇక్కడ తెరవమంటే మాత్రం తెరవవు!"

డాక్టరుకి నవ్వొచ్చింది కానీ, బయట ఇంకా జనం ఉన్నారు. మధ్యాహ్నం భోజనం వేళ కూడా దాటిపోతోంది.

"రంగు నచ్చలేదా మామ్మగారూ?"

"లక్షణంగా ఉన్నాయండీ."

"పెద్దవిగా ఉన్నాయా?"

"సరిగ్గానే ఉన్నాయండీ."

"పోనీ, భయమా?"

"దవడలో మేకులు దింపినప్పుడే కిక్కురుమనలేదు. పళ్ళకి భయపడతానా?"

"మరింకేంటే నీ బాధ?" అని అరిచాడు పాండురంగారావు.

ఆవిడ భర్త మొహంలోకి ఒకసారి చూసింది. మళ్ళీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అచ్చం మా అక్కేనండీ, పట్టిందే పట్టు! నావల్ల కాదు. మీరూ మీరూ పడండి," అంటూ ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "బయట దీని చెప్పులున్నాయండీ. పోయినసారి ఎవరో వేసుకుపోతే, పాపం ఉత్తకాళ్ళతో ఎండలో బస్టాండు దాకా నడిచింది. నేనక్కడ కాపలా కూచుంటాను."

అద్దాల తలుపు మూసుకుంది. డాక్టర్ పళ్ళ వరసని పెట్టెలో పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"మామ్మగారూ, నాకూ ఓపిక లేదండీ. ఈ పళ్ళు లేక మీరు నీరసించిపోతున్నారు. మిమ్మల్ని చూసి ఆయన నీరసించిపోతున్నారు. నిజం చెప్పేయండి. సబబుగా ఉంటే ఈ పెట్టె ఇవాళ మళ్ళీ తెరవను. సరేనా?"

వెంకటనరసమ్మ తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"తెలిసీ తెలిసీ చేసుకోమంటారా అమ్మా? మీరే అన్నారుగా, పసిపాపకి వచ్చినట్టేనని. పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండం అంటారు."

డాక్టర్ ఇక ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది. ఇంతసేపూ ఈ గొడవంతా దీనికా అనిపించి, ఒంట్లో అలసట కూడా సగం దిగిపోయింది.

"అయ్యో, అది చంటిపిల్లలకండీ! మీకు మనవలు కూడా ఉన్నారు. ఈ వయసులో ఇంకా మీకు మేనమామ ఎక్కడున్నాడండీ?"

వెంకటనరసమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, అద్దాల తలుపు వైపు గడ్డంతో చూపించింది.

"అదిగోనండీ... నా చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నారు."