గీతలు లేని నేల

"అట్లా గీకకురా, మెత్తగా రుద్దు! చెక్క అరిగిపోతే మళ్ళీ తెచ్చిస్తావా?" ఇర్మా పిన్ని కుర్చీలోంచే కేకేసింది.

గెర్గో మోకాళ్ళ మీద కూచుని, అక్రోటు పప్పును నేల మీది గీత మీద అటూ ఇటూ రుద్దాడు. బొటనవేలితో నొక్కి, వెచ్చబడేదాకా ఉంచాడు. తెల్లగా పళ్ళికిలిస్తున్న గీత మెల్లగా గోధుమరంగుకు తిరిగి, చెక్కలో కలిసిపోయింది.

"పోయింది పిన్నీ!"

"పోక ఏం చేస్తుంది? మా అమ్మ నలభై ఏళ్ళు ఇట్లాగే నెట్టుకొచ్చింది. మెషీనూ లేదు, మట్టిగడ్డా లేదు."

ఇర్మా ఎదురింటావిడ. పల్లెలో తమ్ముడి దొడ్లో కాసిన అక్రోట్లు సంచీడు తెచ్చి అతని ముందు గుమ్మరించింది. బుడాపెస్ట్‌లో అలాంటి సంచీ లేని వంటిల్లు ఉండదు. మెషీను పెట్టి గీకించి వార్నిష్ వేయిస్తే ఆరడానికే నాలుగు రోజులు, వాసన పోవడానికి ఇంకో వారం. గెర్గో చేతిలో ఉన్నవి రెండే రోజులు. శనివారం లిల్లా వస్తోంది. నాలుగేళ్ళ కూతురు. దాని మొహం చూసి రెండేళ్ళు దాటింది.

ఆ గీతలన్నీ అతని నిర్వాకమే. తాగొచ్చి, భార్య బయటికి పోకుండా బీరువాను ఈడ్చుకెళ్ళి తలుపుకు అడ్డం పెట్టిన రోజు పడ్డవి. మర్నాడే తిమేయా పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది. విడాకులు తొందరగానే వచ్చాయి. అతనికి బుద్ధే ఆలస్యంగా వచ్చింది. తాగుడు మానేసి పద్నాలుగు నెలలు. పోయిన నెల ఇల్లు చూడ్డానికొచ్చిన పిల్లల సంక్షేమ అధికారిణి, "నేలంతా పెచ్చులు, గీతలు. పిల్ల ఉండదగ్గట్టు లేదు" అని రాసుకుపోయింది. ఈ శనివారం ఒక్క పూట పంపి చూస్తారు. సజావుగా గడిస్తే ఇక ప్రతి శనివారం పిల్ల వస్తుంది. గడవకపోతే కోర్టు తలుపు మూసుకున్నట్టే.

"ఏవో మందులు కూడా పూస్తున్నావా ఏమిటి? చిన్నపిల్ల, నేల మీదే పొర్లుతుంది," అంది ఇర్మా.

"నాకా మాత్రం తెలీదా పిన్నీ? వెనిగరు నీళ్ళతో తుడిచాను. చిన్న గీతలకు అక్రోటు, లోతు గీతలకు తేనెమైనం. అంతే."

"అయితే నాకినా ఫరవాలేదు."

రెండు రోజులూ పగలంతా ట్రామ్ నడపడం, ఇంటికి రాగానే మోకాళ్ళ మీద కూలబడడం. మోకాళ్ళు వాచాయి. చివర్న ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని గదంతా కాళ్ళతో రుద్దాడు. కిటికీ వెలుగు నేలలో కనిపించాక గానీ వదల్లేదు.

శనివారం పొద్దున లిల్లాను వెంటబెట్టుకొచ్చిన అధికారిణి బూట్లు విప్పి లోపలికొచ్చి, వంగి నేలను అరచేత్తో తడిమింది.

"కొత్త చెక్క వేయించారా?"

"లేదండీ. పాతదే. చేత్తో రుద్దాను."

ఆవిడ అతని మోకాళ్ళకేసి చూసి, మొదటిసారి నవ్వింది. "నాలుగింటికి వస్తాను. పాప సంచీలో భోజనం డబ్బా ఉంది, వాళ్ళమ్మ చీటీ కూడా ఉంది."

ఆవిడ వెళ్ళగానే చీటీ తీశాడు. మొదటి వాక్యం: 'నీ ఇంట్లోది ఏదీ దానికి పెట్టకు. డబ్బాలోదే పెట్టు.' గెర్గోకి ఒళ్ళు మండిపోయింది. నా చేతి తిండి కూడా పనికిరాదా? మిగతా తిట్లు ఎవడు చదువుతాడని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కానీ పంతానికి పోతే పోయేది శనివారాలు. పొద్దున్నే లేచి జామ్ పెట్టి చుట్టిన అట్లు తీసి అలమర పైఅరలో పెట్టేశాడు.

లిల్లా తలుపు దగ్గరే నిలబడింది. "మా నాన్నవి నువ్వేనా?"

"నేనే తల్లీ."

"నువ్వు అరుస్తావటగా?"

"ఇప్పుడు అరవను."

అది కాసేపు ఆలోచించి బూట్లు విప్పింది. ఒక అడుగు వేసింది, జారింది. ఇంకోటి వేసింది. ఆ గోడ నుంచి ఈ గోడకు సర్రున జారుతూ కిలకిలా నవ్వింది.

"భలే జారుతోంది నాన్నా!"

ఆ పిలుపు వినగానే గెర్గో వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత సంతోషం తనకు దక్కుతుందని అనుకోలేదు.

అలిసిపోయాక అది నేల మీదే బోర్లా పడుకుని బొమ్మలు వేసింది. అక్కడే, డబ్బాలోని రొట్టె ముక్క చేత్తో పట్టుకుని తిని, నేల మీది ముక్కలు ఏరుకుని వేళ్ళు చీకింది. అతను పక్కనే కూచుని, వచ్చే శనివారం జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్ళాలనుకున్నాడు.

ముందు దగ్గు వచ్చింది. నీళ్ళు పట్టాడు. తర్వాత పెదాలు ఉబ్బాయి, మెడంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఊపిరి తీస్తుంటే గొంతులో ఈల వేసినట్టయింది. అంబులెన్సుకు ఫోన్ చేసి, పిల్లను భుజాన వేసుకుని తిమేయాకు చేశాడు.

"ఏం పెట్టావు దానికి?"

"నువ్విచ్చిందే! ప్రమాణంగా చెప్తున్నా, నా ఇంట్లోది చిన్న ముక్క కూడా పెట్టలేదు తిమేయా. దానికి ఊపిరాడట్లేదు!"

తిమేయా గబగబా అడిగింది.

"గెర్గో, దానికి పడవని చీటీలో రాశానుగా, ఇంట్లో అక్రోట్లు లేవు కదా?"