జ్వరమన్న మాట

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోస్టుకార్డు కొని పడేశాను కదా అని రాస్తున్నాను.

నేనూ మా బావమరిదీ ముప్పయ్యేళ్ళుగా ఒకే దుకాణంలో గడియారాలు బాగుచేస్తున్నాం. మొన్న ఒకరోజు వాడు రాకపోతే చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఇక నీ పక్కన కూచోలేను బావా. నీ సోది వినలేను. వేరుపడదాం" అన్నాడు.

మర్నాడు తెలిసింది, వాడికి నూటమూడు జ్వరమని. హమ్మయ్య అనుకున్నాను!

జ్వరంలో మనిషి అలా మాట్లాడతాడా అని డాక్టరమ్మను అడిగాను. రోగంతో పోరాడే కణాలు సైటోకైన్లనే అణువులతో మెదడుకు కబురు పెడతాయట. దాంతో అక్కడి నరాల కణాల తీరు మారిపోయి, మనిషికి అయినవాళ్ళన్నా విసుగు పుడుతుందట. ఆ పేరు పలకడానికి నాకు రెండు రోజులు నోరు తిరగలేదు. సరే, అది వేరే కథ.

జ్వరం తగ్గాక వెళ్ళి, "ఆ మాటన్నది నువ్వు కాదురా, సైటోకైన్లు!" అన్నాను నవ్వుతూ.

వాడు నవ్వలేదు.

"అప్పటికి నాకు జ్వరం లేదు బావా. నీ మొహం చూస్తూ అనలేక దుప్పటి కప్పుకున్నాను. జ్వరం రాత్రికొచ్చింది."

శనివారం వడ్రంగి వచ్చి మా పనిబల్లను మధ్యకు కోశాడు. కిటికీవైపు ముక్క వాడు తీసుకున్నాడు.